శాసనశిల మీద మాచసాని చెయ్యి

శోణగిరి నగరాన్ని దూరం నుంచి చూసినవారికి అక్కడ ఎన్నడైనా ఒక అన్యాయం జరిగి ఉంటుందని తోచదు. ఎర్రరాతి కోట మీద మధ్యాహ్నపు ఎండ పడి, కొండంతా మోదుగుపూల రాశిలా భగ్గుమంటూ ఉంటుంది. మూడు వైపులా శోణానది సుడులు తిరుగుతూ పారుతుంది. నాలుగోవైపు మొసళ్లు మసిలే అగడ్త, దాని మీద ఇనుపగొలుసుల వంతెన. ప్రాకారం పొడుగునా బురుజులు, ప్రతి బురుజు మీదా మనిషెత్తు వెండి ధూపపాత్ర. ఆ పాత్రల్లోంచి నీలిరంగు పొగ సన్నసన్నగా లేచి, మొగలిరేకుల పరిమళంతో వీధులన్నిటా పరుచుకుంటుంది. ఆ గాలి పీల్చిన బాటసారి 'ఎంత హాయైన ఊరు' అనుకుంటూ లోపలికి నడుస్తాడు.

ఆనాడు ఆ వంతెన మీదికి ఒక నల్లగుర్రం వచ్చింది. దాని మీద బంగారు కవచం ధరించి, చెవులదాకా మీసాలు దువ్వి, ఒక యోధుడు కూర్చున్నాడు. గుర్రం ముందు ముగ్గురు ముసలి ఆడవాళ్లు మూలికల బుట్టలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నారు.

కావలిభటులు చూసినదాన్నిబట్టి అతడు శోణగిరి దండనాయకుడు రణభీముడు. రాజవైద్యశాలకు మందులు నూరే ఆడవాళ్లను వెంటబెట్టుకుని వస్తున్నాడు. నిజానికి అతడు తిప్పన అనే పగటివేషగాడు. కవచం ఇత్తడి రేకు. మీసాలు ఎలుగుబంటి వెంట్రుకలు. నడుమున వేలాడే కత్తి పొణికి కర్రకు లక్క పూసి తగరం అంటించింది.

"అవ్వా, తలకాయలు దించుకోండి" అన్నాడు తిప్పన పెదవులు కదపకుండా. "దండనాయకుని ముందర నడిచే ఆడోళ్లు కోటగోడల్ని అట్ల కళ్లెత్తి చూడరు."

"నలభై ఏండ్లు దించినాం లేరా. ఇంక దిగదు" అంది ఈరక్క.

ఈరక్కకు నోరు వాడి. ఆమె పక్కనున్న గంగసాని మెత్తని మనిషి, ఎక్కువ మాట్లాడదు. వీళ్లిద్దరికీ ముందు నడుస్తున్న పొడుగాటి మనిషి మాచసాని. తల్లీతండ్రీ పోయిన తిప్పనను పెంచింది ఆమే.

నలభై ఏళ్ల కిందట శోణగిరి సైన్యం నది దాటి నీలవర్తి దేశం మీద పడింది. ఏటి ఒడ్డు పల్లెల్లో వయసుకు వచ్చిన ఆడపిల్లలను ఇళ్లలోంచీ, చేలల్లోంచీ పట్టుకుపోయి, సైన్యం వెనక డేరాలు వేసి అందులో ఉంచారు. వాటికి విశ్రాంతిమందిరాలు అని పేరు పెట్టారు. అక్కడ సైనికులకు దాసీలుగా గడిపిన ఏళ్ల గురించి ఆ ఆడవాళ్లు వర్ణించి చెప్పరు. "మా పేర్లు తీసేసి పూలపేర్లు పెట్టినారు. నా పేరు అక్కడ సంపెంగ" అని మాత్రం అనేది మాచసాని. ఆనాటినుంచి ఆమె సంపెంగపువ్వు ముట్టుకోలేదు.

యుద్ధం ముగిశాక ఇద్దరు రాజులూ కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. ఇకమీదట ఒకరినొకరు ఏమీ అడగరాదన్నది అందులో ఆఖరిమాట. డేరాల్లోంచి బతికి వచ్చినవాళ్లను ఆ మాట ఒప్పుకుంటారా అని ఎవరూ అడగలేదు. సొంత ఊళ్లు వాళ్లను గడప తొక్కనివ్వలేదు. ఊరూరా తిరిగే పగటివేషగాళ్ల మేళం మాత్రం, ఎవరు నువ్వు అని అడగకుండా మాచసానికి అన్నం పెట్టింది.

శోణగిరిలో రాజుకన్నా పెద్దది ధర్మసభ. ఆ సభలో సోమలదేవి అనే మండలాధిపతి ఉంది. ఆ స్త్రీలకు జరిగిందాన్ని రాజ్యం ఒప్పుకుని శాసనం చేయాలని ఆమె కోట బయటే రాసుకున్న ప్రతిపాదనను ప్రతి ఏటా తెచ్చి చదివింది. ప్రతి ఏటా మహామంత్రి శంబరదత్తుడు ఒక్కటే జవాబు చెప్పి దాన్ని తోసేశాడు: "బాధపడినవారు స్వయంగా వచ్చి శాసనశిల మీద చెయ్యి వేయనిదే చర్చ లేదు. అదే సభామర్యాద." వాళ్ల తరఫున వెళ్లిన అన్నలూ, రాయబారులూ ఎందుకు వెళ్లారో మరిచిపోయి, గాజులూ గంధపుచెక్కలూ కొనుక్కుని నవ్వుతూ తిరిగి వచ్చేవారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. నీలవర్తి ఆడవాళ్లను మాత్రం వంతెన దగ్గరే ఆపేసేవారు.

అందుకే ఈ వేషం.

"జయము దండనాయకా" అని భటులు బల్లేలు వంచారు. తిప్పన వాళ్లవైపు చూడను కూడా చూడకుండా గుర్రాన్ని అదిలించాడు. ఇనుపతలుపులు కిర్రుమని తెరుచుకున్నాయి. మొదటి ద్వారం దాటారు, రెండవదీ దాటారు.

సరిగ్గా అప్పుడు గాలి తిరిగింది. బురుజుల మీది నీలిపొగ మేఘంలా వంగి వీధిలోకి దిగింది. ముక్కుపుటాలు పగిలేంత మొగలివాసన. తిప్పన గట్టిగా ఊపిరి పీల్చాడు. అతని వెన్ను నిటారుగా బిగుసుకుంది. కళ్లలోని చిలిపితనం ఆరిపోయింది.

"ఆగండి. ఎవరు మీరు?" అన్నాడు.

"బాగుండాది లేరా. ఈడ మన మాట ఎవురూ వినరు, మామూలుగా మాట్లాడు" అంది మాచసాని.

"దండనాయకుణ్ణి 'రా' అని పిలుస్తావా? నీ యాస నీలవర్తి యాస. ఆ దేశపు స్త్రీలకు ఈ కోటలో ప్రవేశం లేదు." అతడు గుర్రం దిగి, నడుముకున్న పట్టుదట్టీ విప్పి, ముగ్గురి చేతులూ ఒకే తాడుకు కట్టినట్టు కట్టేశాడు. ఆ చేతుల్లో అన్నం తిని పెరిగినవాడు వాటిని కందిపోయేలా బిగించాడు.

గంగసాని కళ్లనీళ్లు పెట్టుకుంది. "బిడ్డకు ఏందో అయింది అక్కా. మనల్ని గుర్తుపట్టలేదు."

మాచసాని చుట్టూ చూసింది. వీధిలో అందరూ ప్రశాంతంగా నవ్వుతూ తిరుగుతున్నారు. గాజుల మలారం ముందు ఒక ముసలాయన కూర్చున్నాడు. అతని చెంప మీద కణతనుంచి గడ్డందాకా పాతగాయం మచ్చ, బల్లెం మొన చీల్చితే పడే మచ్చ.

"నాయనా, నీలవర్తి యుద్ధంలోనా తగిలింది ఆ దెబ్బ?" అని అడిగింది.

"యుద్ధమా?" అన్నాడతడు ఆప్యాయంగా. "మా ఊరు ఎవరితోనూ యుద్ధం చేయలేదమ్మా. ఇది పుట్టుమచ్చ."

మాచసానికి అర్థమైంది. తలెత్తి బురుజుల మీది వెండిపాత్రలను చూసింది. కొత్తగా వచ్చినవాడు తానెందుకు వచ్చాడో మరిచిపోతాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు తన ఊరు ఏం చేసిందో మరిచిపోయాడు. దండనాయకుడి వేషంలో పొగ పీల్చిన తిప్పనకు వేషమొక్కటే మిగిలింది, మనిషి చెరిగిపోయాడు.

"మరి మనకేం కాలేదే?" అంది ఈరక్క.

మాచసాని నవ్వింది. ఆ నవ్వుకు గుర్రం చెవులు రిక్కించింది. "మరిచిపోదామని మనం తాగని కషాయం ఉండాదా, మొక్కని రాయి ఉండాదా? నలభై ఏండ్లు మనవల్ల కానిది ఈ పొగవల్ల అయితాదా?"

ఆమె తిప్పనవైపు తిరిగి గొంతు పెంచింది. "దండనాయకా, నువ్వు చెప్పింది నిజమే. మేము నీలవర్తి ఆడోళ్లమే. దొంగతనంగా కోటలో దూరినాము. మీ చట్టం మమ్మల్ని ఏం చేయమంటాది?"

వేషం కోసం తిప్పన ఆ దేశపు చట్టాలన్నీ వల్లెవేసి ఉన్నాడు. అవి మాత్రం చెక్కుచెదరలేదు. "పరదేశపు గూఢచారిని పట్టుకున్న తక్షణం ధర్మసభ ముందు నిలబెట్టాలి" అన్నాడు.

"అయితే ఆలస్యమెందుకు? నడువు."

ఏ భటుడూ వాళ్లను ఆపలేదు. నగర దండనాయకుడు తాను పట్టిన ఖైదీలను సభకు ఈడ్చుకుపోతుంటే ఎవరు ఆపుతారు? ఏ ద్వారం దగ్గర తమను వెనక్కి తరిమేవారో ఆ ద్వారాలన్నీ వాళ్లకోసం బార్లా తెరుచుకున్నాయి. ఈరక్క దర్జాగా నడిచింది. "కొంచెం గట్టిగా లాగు నాయనా, తొందరగా పోదాం" అని కూడా అంది.

సభామండపం మెట్ల దగ్గర పెద్ద ఆపద వచ్చిపడింది. మెట్లు దిగుతూ అసలు రణభీముడు ఎదురయ్యాడు. అదే కవచం, అవే మీసాలు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మెట్లకు ఇరువైపులా ఉన్న భటులు ఇద్దరినీ మార్చిమార్చి చూశారు.

"ఎవడురా నువ్వు?" అన్నాడు రణభీముడు.

వేషమని తెలిసిన వేషగాడైతే ఆ ప్రశ్నకు రెప్పపాటైనా తడబడేవాడు. తిప్పన తడబడలేదు. అతని మనసులో ఆ క్షణాన ఇంకో మనిషే లేడు. "భటులారా" అన్నాడు, గొంతు పెంచకుండా. "నా రూపంలో సభాద్వారందాకా వచ్చాడు ఈ మాయావి. నిలబడి చూస్తున్నారేం? వీణ్ణి గుర్రపుశాల స్తంభానికి కట్టేయండి. నా ఆజ్ఞ రెండోసారి చెప్పించుకున్నవాడి తల ఉండదు."

రణభీముడికి కోపంతో మాట తడబడింది. ఆ తడబాటే అతణ్ణి ముంచింది. భటులు ఆరేడుగురు ఒక్కసారిగా మీద పడ్డారు. అసలు దండనాయకుడు గింజుకుంటూ, తిట్టుకుంటూ గుర్రపుశాలవైపు పోయాడు. వేషపు దండనాయకుడు ఖైదీలతో మెట్లెక్కాడు.

ధర్మసభ లోపల వేయి దీపాల కాంతి. పద్మరాగాలు తాపిన స్తంభాలు, వాటి అంచున దూకబోతున్నట్టు చెక్కిన రాతియాళులు, తొండమున్న సింహాల్లాంటివి. కింద మండలాధిపతులు అర్ధచంద్రాకారంగా కూర్చున్నారు, చాలామంది తలలు నెరిసినవాళ్లు. ఎత్తైన గద్దె మీద వసుకేతు మహారాజు. యుద్ధం చేసినవాడి మనుమడు, మీసం ఇంకా చిక్కబడని యువకుడు. సభ మధ్యన నల్లని శాసనశిల. మూడు ముఖాల నిండా అక్షరాలు, నాలుగో ముఖం నున్నగా ఖాళీగా ఉంది.

రాజు పక్కన పాలరాతి పీఠం మీద శంబరదత్తుడు కూర్చున్నాడు. వెండితీగల్లాంటి గడ్డం, రెప్ప వేయని కళ్లు. అతణ్ణి చూడగానే మాచసాని గుర్తుపట్టింది. గడ్డం అప్పుడు నల్లగా ఉండేది. డేరాల ముందు ఆడపిల్లలను వరుసగా నిలబెట్టి, 'ఇటు, అటు' అని ఒక్కవేలితో చూపించేవాడు ఇతడే.

ఆ వేలే ఇప్పుడు ద్వారంవైపు లేచింది. "దండనాయకా, ఎవరు వీళ్లు? బయటికి..."

మిగతా మాట మాచసాని వినలేదు. కట్టిన చేతులతో, తనవెంట ఉన్న ఇద్దరినీ లాక్కుంటూ పరుగెత్తింది. ఒక భటుడి బల్లెం ఆమె భుజాన్ని గీరుకుపోయింది. ఆమె ఆగలేదు. రెండు అరచేతులూ చాచి శాసనశిల మీద మోదింది.

శిల కంచుగంటలా మోగింది. ఆ మోత దీపాలను వణికించి, మండపమంతా తిరిగి, మెల్లగా సద్దుమణిగింది. చెయ్యి శిల మీద ఉన్నంతవరకు సభ లేవరాదు. ఆ దేశంలో రాజుకైనా అదే మర్యాద.

నెరిసిన జుట్టు, తెల్లని చీర, ముఖంలో వెలుగు. మండలాధిపతుల్లోంచి ఒక స్త్రీ లేచింది. "నా ప్రతిపాదనకు ఇన్నేళ్లకు మనిషి వచ్చింది" అంది సోమలదేవి. "నీ పేరేమిటమ్మా?"

"మాచసాని. నీలవర్తి దేశం, ఏటిగడ్డపల్లె." ఆమె రొప్పుతోంది. "మీ సైన్యం నన్ను పట్టుకపోయి దాసీని చేసింది. వీళ్లను గూడా. తిరిగి రానివాళ్లు శానామంది. మీరు ఆ సంగతి ఒప్పుకొని ఈ రాయి మీద చెక్కాల. మా సొంత పేర్లతో చెక్కాల. మాలో బతికుండేవాళ్లను బతికినన్నాళ్లూ ఈ రాజ్యమే చూసుకోవాల. మీ పిల్లోళ్లకు దాన్ని చదివి చెప్పాల. ఇది భిక్ష కాదు."

శంబరదత్తుడు చిరునవ్వు నవ్వాడు. "పాపం, పెద్దది. మహారాజా, ఒడంబడికతో ఆనాటి లెక్కలన్నీ తీరిపోయాయి. వీళ్ల రాజే సంతకం చేశాడు."

"మా రాజు డేరాలో ఉన్నెట్టు నాకు గుర్తులేదే" అంది మాచసాని. "ఉన్నది నేను. నా తరఫున ఆయన దేన్ని తీర్చినాడు?"

సభలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"సరే. ఆ డేరాలు నడిపినవారు వర్తకులు. సైన్యం వెంట తిరిగే అంగళ్లలాంటివి అవి. రాజ్యానికి వాటితో సంబంధమేముంది? పైగా మీరు కూలికోసం మీ అంతట మీరే వచ్చారని విన్నాను."

ఈరక్క ఏదో అనబోయింది. మాచసాని తలతో వారించి, కట్టిన అరచేతులను శిల మీద కదిలించింది. ఒక పెద్దదెబ్బ, రెండు చిన్నవి. మళ్లీ ఒక పెద్దది, రెండు చిన్నవి. నల్లశిల లోలోపల నగారాలా పలికింది.

ఏమిటిది అని రాజు ముందుకు వంగాడు. ఆమె దరువు ఆపలేదు. దరువు వేగం పెంచింది.

ముందువరసలో కూర్చున్న ముసలి మండలాధిపతి ఒకడు లేచి నిలబడ్డాడు. అతనికి తానెందుకు లేచాడో తెలియదు. కాళ్లు దగ్గరగా చేర్చి, చేతులు పక్కకు దించి, సైనికుడిలా నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకడు లేచాడు. అర్ధచంద్రంలో నెరిసిన తలలన్నీ ఒక్కటొక్కటిగా లేచాయి. పొగ వాళ్ల మనసుల్ని కడిగింది గానీ కాళ్లను కడగలేకపోయింది.

మాచసాని చేతులు ఆపింది. "ఇది రాజభేరి దరువు మహారాజా. పొద్దుగూకినాక డేరాల ముందర కొట్టేవాళ్లు. ఇది వినంగానే లోపలుండే సైనికులు లేచి బయటికి పోవాల. రాజభేరి వర్తకుడు కొట్టొచ్చునా మీ రాజ్యంలో?"

"కొట్టకూడదు" అన్నాడు రాజు చిన్నగా. "రాజ్యం పని అయితే తప్ప."

"మరి ఈ పెద్దమనుషులకు ఆ దరువు ఎట్ల తెలుసునో వాళ్లనే అడుగు."

శంబరదత్తుడి ముఖం నల్లబడింది. "దండనాయకా" అని అరిచాడు. "చెయ్యి శిల మీద ఉన్నంతవరకే ఆమె ఫిర్యాదు చెల్లుతుంది. ఆ చేతులు నరికెయ్."

తిప్పన ఒక్క అంగలో ముందుకు వచ్చాడు. ఒరలోంచి కత్తి దూశాడు. గంగసాని చివాలున ముందుకు ఉరికి అడ్డం నిలబడబోయింది గానీ కట్టు లాగి పడేసింది. మాచసాని చేతులు తీయలేదు. తాను పెంచిన బిడ్డ ముఖంలోకి చూస్తూ, "కొట్టు నాయనా. తీసేది లేదు" అంది.

కత్తి గాలిలో మెరిసి దిగింది. ఆమె మణికట్టుకు తగలకుండా వేలెడు పక్కన శిలకు తగిలి ఫట్టుమని రెండుగా విరిగింది. తగరపు రేకు ఊడి వేలాడింది. లోపల తెల్లని కర్ర.

తిప్పన చేతిలోని ముక్కను చూశాడు. దండనాయకుడికి కర్రకత్తి ఎందుకుంటుంది? దాన్ని తిప్పితిప్పి చూశాడు. పిడి దగ్గర లక్క తాను పూసిందే, బొటనవేలి ముద్ర ఇంకా ఉంది. కళ్లలోంచి పొర తొలిగింది. ఎదురుగా కందిపోయిన చేతులు, ఆ చేతులను కట్టిన దట్టీ.

"అవ్వా, నేనేనా కట్టింది?"

"నువ్వు కట్టబట్టే ఈడిదాకా వచ్చినాము. ఊరికే ఏడ్చకుండా ఇప్పు."

తిప్పన మోకాళ్ల మీద కూలబడి పళ్లతో ముడి విప్పాడు.

సోమలదేవి సభవైపు తిరిగింది. "అయ్యలారా, ప్రతిపాదనను అంగీకరించేవారు నిలబడాలన్నది మన ఆచారం. మీరు నిలబడే ఉన్నారు. అంగీకరించనివారు కూర్చోవచ్చు."

ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. మిగిలినవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అందరికన్నా ముందు లేచిన ముసలి మండలాధిపతి ఒక అడుగు ముందుకు వేశాడు. "నేను ఆ డేరాల ముందు వరసలో నిలబడినవాణ్ణి" అన్నాడు. "ఇప్పుడు గుర్తొచ్చింది. ఇక కూర్చోలేను." అతడు మాచసాని ముఖంలోకి చూడలేకపోయాడు. ఆమె మాత్రం అతణ్ణి చూసింది. క్షమించినట్టు ఏ సైగా చేయలేదు.

మిగతావాళ్లెవరూ కూర్చోలేదు.

"శిల్పిని పిలవండి" అన్నాడు వసుకేతు మహారాజు. "రాజముద్ర తెండి. ముద్రపడితే ఇది శాసనం."

"ముద్ర నా దగ్గర ఉంది" అన్నాడు శంబరదత్తుడు, పీఠం మీంచి లేచి. అతని పిడికిలిలో కెంపుల ముద్రిక నిప్పుకణికలా ఎర్రగా మండింది. రెండో చెయ్యి పైకెత్తి ఏదో జపించాడు. స్తంభాల మీది రాతియాళులు ఒళ్లు విరుచుకున్నాయి. జూలు విదిలించి, రాతిపొడి రాలుస్తూ, ఒకటొకటిగా సభలోకి దూకాయి. దీపాలు దొర్లాయి, ఆసనాలు చితికాయి. మండలాధిపతులు స్తంభాల వెనక్కి పరుగెత్తారు. మంత్రి పీఠం మీద కూర్చుని ఇన్నాళ్లూ ఊరికి ఆ పొగ పెట్టిన మాంత్రికుడు అన్నిటికన్నా పెద్ద యాళి మీదికి ఎగిరి కూర్చున్నాడు.

"ముద్ర లేని రాతలు గోడమీది గీతలు" అన్నాడు. "చీకటికోనకు వచ్చి తీసుకోండి. అక్కడికి రాగలిగిన ఆడది మీలో ఉంటే." యాళి కిటికీ జాలకాన్ని బద్దలు కొట్టుకుని ఆకాశంలోకి దూసుకుపోయింది.

మిగిలినవాటిలో ఒక యాళి శాసనశిలవైపు లంఘించింది. తిప్పన పడిపోయిన తెరను లాగి దాని ముఖం మీద విసిరాడు. అది గుడ్డిగా తల ఊపుతుంటే మెడమీదికి ఎగబాకాడు. కుడిచెవి లాగితే కుడికి తిరిగింది, ఎడమచెవి లాగితే ఎడమకు. దాన్ని తిన్నగా నడిపించుకుపోయి, ఎదురొస్తున్న రెండో యాళికి ఢీకొట్టించాడు. రెండూ పెంకుల్లా పగిలి రాలాయి. ఆ దుమ్ములోంచి, తెగిన తాళ్లు చేతులకు వేలాడుతూ, అసలు రణభీముడు లోపలికి దూసుకొచ్చాడు.

"ఆ వేషగాడెక్కడ?" అన్నాడు.

"దండనాయకా" అన్నాడు రాజు, "అతణ్ణి తర్వాత శిక్షిద్దువు గాని. ముందు ఈ సభను కాపాడు."

రణభీముడు ఒకసారి తిప్పననూ, ఒకసారి విరిగిన కర్రకత్తినీ చూశాడు. పళ్లు నూరుతూ తన నడుమున ఉన్న రెండో కత్తిని తీసి అతనికి విసిరాడు. "నా వేషం వేసినవాడి చేతిలో కర్ర ఉంటే పరువు నాది పోతుంది." అని మూడో యాళి మీదికి లంఘించాడు.

ఈ గందరగోళమంతటిలో ఈరక్క శిల దగ్గరనుంచి కదల్లేదు. చెయ్యి రాతికి అంటుకున్నట్టే ఉంది. "అమ్మా దేవీ" అని సోమలదేవిని పిలిచింది. "చెయ్యి ఉన్నంతసేపూ సభ లేవదంటిరి. ఎవరి చెయ్యైనా సరేనా?"

"బాధపడినవారి చెయ్యి అని మాత్రమే ఉంది. ఎవరిదని లేదు."

"అయితే నేనూ గంగసానీ ఈడనే కూసుంటాము. ఆమె చేయి నొస్తే నేను, నా చేయి నొస్తే ఆమె. ముద్ర వచ్చేదాకా మీరెవ్వురూ ఇంటికి పోయేది లేదు. అన్నాలు ఈడికే తెప్పించుకోండి." గంగసాని వచ్చి తన చేతిని ఈరక్క చేతిపక్కన పెట్టింది. జీవితంలో ఎన్నడూ గొంతెత్తని ఆ మనిషి, చివరి యాళీ కూలాక ఉలితో వచ్చిన శిల్పివైపు తిరిగి, "నువ్వు మొదలుపెట్టు నాయనా. నా పేరు గంగసాని. దీర్ఘం మరిచిపోవద్దు" అంది.

ఉలి మొదటి దెబ్బ పడింది.

మాచసాని అప్పటికే మెట్లు దిగింది. తిప్పన నల్లగుర్రం ఎక్కి వచ్చాడు. "నువ్వుండు అవ్వా, నేను పోతా. ఆ కోన ఎట్ల ఉంటాదో ఎవురికి తెలుసు?"

"నాకు తెలుసు. ఆడనే కదా ఆ డేరాలు వేసినారు." ఆమె రికాబులో కాలు పెట్టింది. "ముందుకు జరుగు."

గుర్రం వంతెన దాటింది. శోణానది పాయల్లో నీళ్లు చిమ్ముతూ, రెల్లుదుబ్బులు చీలుస్తూ, పడమటి కొండల్లోకి పరుగెత్తింది. ఆకాశంలో రాతియాళి ఒక చుక్కలా మారి కొండల వెనక మాయమైంది. ఒకచోట మాంత్రికుడు విసిరిన మంట దారికి అడ్డంగా ఎగసింది. తిప్పన పైవస్త్రం తడిపి గుర్రం కళ్లకు కప్పి, మంటలోంచే దూకించాడు. ఎలుగుబంటి మీసాలు సగం కాలిపోయాయి. అతడు మిగతా సగం కూడా పీకి పారేశాడు.

పొద్దు వాలే వేళకు కోన ముఖద్వారం చేరారు. రెండు కొండలు భుజాలు రాసుకున్నట్టు ఉన్నాయి, నడుమ సన్నని దారి. అక్కడ ముళ్లపొదలూ బూడిదా తప్ప ఏమీ ఉండవని మాచసాని దారంతా అనుకుంటూ వచ్చింది.

డేరాలు ఉన్నాయి. తెల్లగా, కొత్తగా, వరసలు వరసలుగా, నిన్ననే వేసినట్టు. గుంజలకు శోణగిరి పతాకాలు రెపరెపలాడుతున్నాయి. ఎక్కడా మనిషి జాడ లేదు. కనిపించని చేతులెవరివో రాజభేరి కొడుతున్నాయి, ఒక పెద్దదెబ్బ, రెండు చిన్నవి.

మాచసాని వేళ్లు తిప్పన భుజంలో గుచ్చుకున్నాయి. గుర్రం అడుగు వేయనంది.

అప్పుడు చివరి డేరాలోంచి ఒక గొంతు వినిపించింది. పదహారేళ్లు కూడా ఉండని పిల్ల గొంతు. ఏటిగడ్డ యాసలో అమ్మను పిలుస్తోంది.

"మాయ అయి ఉంటాది అవ్వా" అన్నాడు తిప్పన. "నిన్ను లోపలికి లాగేదానికి వాడు చేసే మాయ. పోవద్దు."

"కావచ్చు" అంది మాచసాని. గుర్రం దిగింది. "కాకపోవచ్చు గూడా. నేనూ ఇట్లనే పిలిచినాను నాయనా. ఎవురూ పలకలేదు."

కొంగు బిగించి నడుముకు చుట్టింది. తిప్పన కత్తి దూసి పక్కన నిలబడ్డాడు. డేరాల వరసల మధ్యకు అడుగు పెట్టి, కొండలు మారుమోగేలా, ఆమె గొంతెత్తి పలికింది.

"వస్తుండా తల్లీ. యాడున్నావో ఆడనే ఉండు. నేను మాచసానిని, వస్తుండా."

భేరి ఠక్కున ఆగిపోయింది. ఆ పలుకు కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూసినట్టు డేరాల తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి.